పనిని మలచుకొను పనివాడు

తెల్లవారుజామున గ్రామములో అందరికన్న ముందుగా మేల్కొనువారు పంచాయతీ పనివారు. నీటి పంపు నడుపువాడు మోటారు మీట నొక్కును. పారిశుద్ధ్య కార్మికురాలు చీపురు చేతబట్టి, తోపుడుబండి త్రోసికొనుచు బయలుదేరును. సభ్యులు పంచాయతీ కార్యాలయమునకు వచ్చు వేళకు వీరి దినచర్యలో సగము గడచియే యుండును. వీరి పనిని గూర్చి మనము సాధారణముగా అడుగునది ఒక్కటే ప్రశ్న: “పని అయినదా, కాలేదా?” రెండవ ప్రశ్న యొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. “ఈ పనిని ఇంతకన్న మేలుగా ఎట్లు చేయవచ్చునని నీకు తోచుచున్నది?”

ఈ పాఠము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది. ఉద్యోగి తన పనిని కొంతమేరకు తానే తీర్చిదిద్దుకొను అవకాశము గలిగినచో, అతనిలో క్రొత్త ఊహలు పుట్టుననియు, పని జరుగు చోటికి దానివలన మేలు కలుగుననియు పెక్కు దేశముల అనుభవము చెప్పుచున్నది. కర్మాగారములకును, ఆసుపత్రులకును పనికివచ్చిన ఈ విషయము పంచాయతీకి మాత్రము ఏల పనికిరాదు? పనివారిని పెట్టుకొని జీతమిచ్చు ప్రతి సంస్థవలెనే పంచాయతీయు ఒక యజమాని. యజమానికి తెలియవలసిన సంగతులు సభ్యులకును తెలియవలెను.

ఆలోచన ఒకరిది, చేత మరొకరిది

పనిని మలచు హక్కు పనివానికి లేకుండుట ఎట్లు వచ్చినదో మొదట తెలిసికొందము. 1911లో ఫ్రెడరిక్ టేలర్ అను అమెరికా ఇంజనీరు శాస్త్రీయ నిర్వహణ సూత్రములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఏ పని ఎట్లు చేయవలెనో, ఎంతసేపు చేయవలెనో నిర్వాహకులు గడియారము పెట్టి కొలిచి నిర్ణయింపవలెననియు, పనివాడు ఆ నిర్ణయమును తు.చ. తప్పక నెరవేర్పవలెననియు ఆయన వాదము. ఈ పద్ధతి వలన వృథా శ్రమ తగ్గినది, ఉత్పత్తి హెచ్చినది. ఆ మేలును కాదనరాదు. కాని దానితోపాటు ఒక నష్టమును వచ్చినది. ఆలోచించుట ఒకరి వంతు, చేయుట మరొకరి వంతు అయినది. పనివాని చేతులు మాత్రమే లోనికి వచ్చి, అతని బుద్ధి ద్వారము వెలుపలనే నిలిచిపోయినది.

దుక్కిలో నేల ఎచ్చట గట్టిగా నున్నదో గట్టుమీద నిలుచున్నవానికన్న నాగలి పట్టినవానికే ముందుగా తెలియును. ఆ తెలిసిన సంగతి గట్టుమీదివానికి చేరు దారి లేనప్పుడు సేద్యము చెడును. కార్యాలయములలోను, కర్మాగారములలోను జరిగినది ఇదియే. దీనిని తేటతెల్లము చేసిన ప్రయోగమొకటి మన దేశములోనే జరిగినది.

అహమ్మదాబాదు మగ్గముల శాలలో

1952లో అహమ్మదాబాదునందలి కాలికో మిల్లువారు ఒక శాలలో స్వయంచాలకములైన క్రొత్త మగ్గములను నెలకొల్పిరి. ఇంజనీర్లు లెక్కలు కట్టి పనులను పంచియిచ్చిరి. యంత్రములు మంచివి, పనివారు అనుభవము గలవారు. అయినను ఆశించినంత ఉత్పత్తి రాలేదు. నేసిన గుడ్డలో లోపములును తగ్గలేదు. 1953లో లండనునందలి టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ అను పరిశోధకుడు ఈ శాలను పరిశీలించెను.

ఆ శాలలో 224 మగ్గములకు 29 మంది పనివారుండిరి. వారి పని 12 రకములుగా చీల్చబడియుండెను. తెగిన పోగును అతుకువాడొకడు. కండెలను నింపి మగ్గమున కెక్కించువాడొకడు. పడుగు పెద్దగా తెగినచో సరిచేయువాడు వేరొకడు. నూనె వేయువాడు, ఊడ్చువాడు, నేసిన గుడ్డను మోయువాడు వేర్వేరు. నేతగానికి సుమారు 30 మగ్గములు, కండెలు నింపువానికి సుమారు 45, పడుగు సరిచేయువానికి సుమారు 70 అప్పగించిరి. విడివిడిగా చూచినచో ఈ లెక్కలలో తప్పు లేదు. కలిపి చూచినప్పుడే చిక్కు కనబడును. ఒక నేతగానికి కండెలు నింపువాడు పూర్తిగా దొరకడు, పడుగు సరిచేయువాడును పూర్తిగా దొరకడు. అందరును అందరికిని కొంచెము కొంచెము చెందియుందురు. కావున ఎవరును ఎవరికిని చెందినట్లు కాదు. ఒక మగ్గము నిలిచిపోయినచో “ఇది నా మగ్గము” అని పరుగెత్తుకొని వచ్చువాడు లేడు.

రైస్ ఒక సలహా నిచ్చెను. కొన్ని మగ్గములకు ఒక చిన్న కూటమి చొప్పున ఏర్పడి, ఆ మగ్గముల బాధ్యత యంతయు కూటమియే వహించినచో ఎట్లుండును? పై అధికారులు, పర్యవేక్షకులు, పనివారు దీనిని చర్చించిరి. పనివారు ఈ ఆలోచనను వెంటనే అందిపుచ్చుకొనిరి. ఎవరితో ఎవరు చేరవలెనో, కూటమిలో ఏ పనిని ఎవరు చూచుకొనవలెనో వారే సమకూర్చుకొనిరి. అవసరమైనప్పుడు ఒకరి పనిలో మరొకరు చేయి వేయసాగిరి. 12 రకముల పని అను గోడలు పలుచబడినవి. క్రమముగా ఉత్పత్తి హెచ్చినది, పాడైన గుడ్డ తగ్గినది. యంత్రములు అవియే, మనుషులును వారే. మారినది పనిని మలచు అధికారము మాత్రమే. ఈ వృత్తాంతమును రైస్ 1958లో గ్రంథముగా ప్రకటించెను.

ఈ కథకు రెండవ భాగము కూడ కలదు. సభ్యులు దానిని మరువరాదు. 1970లో ఎరిక్ మిల్లర్ అను పరిశోధకుడు ఆ మిల్లును మరల పరిశీలించెను. కూటముల పద్ధతి కొన్ని చోట్ల చెక్కుచెదరక నిలిచియుండెను. మరికొన్ని చోట్ల పనివారు పాతపద్ధతికి మరలియుండిరి. స్వేచ్ఛను ఒకనాడు ఇచ్చి ఊరకుండిన చాలదనియు, దానిని కాపాడు ఏర్పాట్లు లేనిచో కాలక్రమమున అది కరగిపోవుననియు దీనివలన తెలియుచున్నది. మొక్క నాటుట ఒక దినపు పని, నీరు పోయుట ప్రతిదినపు పని.

ఆసుపత్రి ఊడ్చువారి పాఠము

అహమ్మదాబాదులో పై అధికారుల సమ్మతితో, కూటమిగా మార్పు జరిగినది. అట్టి ఏర్పాటేమియు లేకున్నను ఒంటరి ఉద్యోగి కూడ తన పనిని లోలోపల మార్చుకొనుచునే యుండునని తరువాతి పరిశోధకులు గమనించిరి. 2001లో ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అను ఇరువురు అమెరికా విదుషీమణులు దీనికి “జాబ్ క్రాఫ్టింగ్” అని పేరు పెట్టిరి. పనిని మలచుకొనుట అని మనము చెప్పుకొనవచ్చును. కుమ్మరి మట్టిని మలచునట్లు ఉద్యోగి తనకిచ్చిన పనిని మలచుకొనునని దీని భావము.

వారు చూపిన ఉదాహరణములలో ముఖ్యమైనది ఒక ఆసుపత్రిలో గదులు శుభ్రపరచువారిది. అందరికిని ఇచ్చిన పని ఒక్కటే. కొందరు చెప్పినంత వరకే చేసి, ఎవరితోను మాటలాడక వెడలిపోవుచుండిరి. తమ పనికి నేర్పేమియు అక్కరలేదని వారి తలంపు. మరికొందరు రోగులతో మాటలాడుచు, నర్సుల పనివేళలను గమనించి దానికి అనుకూలముగా తమ పనిని అమర్చుకొనుచు, వచ్చిపోవు బంధువులకు దారి చూపుచుండిరి. తాము ఊడ్చువారము మాత్రమే కామనియు, రోగిని బాగుచేయు వారిలో తామును ఒకరమనియు వారు తలచిరి.

పనిని మలచుకొనుట మూడు విధములని ఈ పరిశోధకులు చెప్పిరి. మొదటిది, చేయు పనుల సంఖ్యను, క్రమమును, వేళను మార్చుకొనుట. రెండవది, పనిలో ఎవరితో ఎట్లు మెలగవలెనో మార్చుకొనుట. మూడవది, ఈ పని దేనికొరకు అను తలంపునే మార్చుకొనుట. మొదటిది చేతికి, రెండవది మాటకు, మూడవది మనస్సునకు సంబంధించినది.

తరువాతి కాలమున ఈ విషయముపై పెక్కు పరిశోధనలు జరిగినవి. పనిని మలచుకొనువారికి పనియందు ఆసక్తి హెచ్చుగా నుండుననియు, క్రొత్త సూచనలు వారినుండి ఎక్కువగా వచ్చుననియు పలు పరిశోధనలు చూపినవి. అయితే ఒక భేదము గమనింపదగినది. క్రొత్త నేర్పును, సలహాను, సవాలును కోరి పనిని విస్తరించుకొనువారికే ఈ మేలు కనబడినది. కష్టమైన భాగమును వదలించుకొనుటయే మలచుట అని భావించువారికి అట్టి మేలు కనబడలేదు. పనిని మలచుకొనుట వేరు, పని తప్పించుకొనుట వేరు.

జయపూరు కాలు

మలచుకొన్న పని ఎంత దూరము పోగలదో చెప్పుటకు మన దేశపు ఉదాహరణము మరియొకటి. జయపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అను హస్తకళానిపుణుడు ఉండెను. రోగులకు చేతిపనులు నేర్పుట అతనికిచ్చిన పని. పెద్ద చదువు చదివినవాడు కాడు. కాలు పోగొట్టుకొన్నవారిని అతడు నిత్యము చూచుచుండెను. ఆ దినములలో లభించు కృత్రిమ పాదములు బూటు తొడుగుకొని, కుర్చీలో కూర్చుండువారికొరకు చేసినవి. మన రైతు చెప్పులు లేక నడచును, గొంతుకూర్చొనును, బాసికపట్టు వేయును, తడి పొలములో దిగును. ఆ పాదము వీనిలో దేనికిని పనికిరాదు. ఈ కొరతను చూచినవాడు చేతిపనులు నేర్పువాడే.

ఆ ఆసుపత్రియందలి ఎముకల వైద్యుడు పి. కె. సేఠీ అతని నైపుణ్యమును గుర్తించి కలసి పనిచేసెను. టైర్ల మరమ్మతులో వాడు రబ్బరు ప్రక్రియను ఆశ్రయించి, 1968 ప్రాంతమున వారు ఒక క్రొత్త పాదమును రూపొందించిరి. అదియే జగత్ప్రసిద్ధమైన “జయపూరు కాలు”. డాక్టరు సేఠీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. చేతిపనులు నేర్పువానిని “నీ పని నీవు చూచుకొనుము” అని వైద్యులు గద్దించియుండినచో, లక్షలాది మందికి నడక నిచ్చిన ఈ సాధనము పుట్టెడిదేనా?

క్రొత్త ఊహ ఏల పుట్టును?

ఈ మూడు ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మూడు కారణములు బయటపడును.

మొదటిది, పని యొక్క సమగ్ర రూపము కనబడుట. ముక్కగా పనిచేయువానికి ముక్కయే కనబడును. మగ్గముల బాధ్యత యంతయు తమదైనప్పుడే నేతగాండ్రకు లోపమెచ్చట పుట్టుచున్నదో తెలిసినది.

రెండవది, ప్రయత్నించి చూచు చోటు ఉండుట. ఊహ తలలో పుట్టినంత మాత్రమున చాలదు. చేసి చూచుటకు కొంత తావు వలయును. ప్రతి చిన్న మార్పునకును పైవారి ఉత్తరువు కొరకు వేచియుండవలసివచ్చినచో ఊహ పుట్టకమునుపే వాడిపోవును.

మూడవది, ఫలితము కంటికి కనబడుట. తాను చేసిన మార్పు వలన మేలు కలిగినదో, కీడు కలిగినదో తెలిసినప్పుడే మనిషి తరువాతి అడుగును సరిదిద్దుకొనును.

1976లో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అను పరిశోధకులు ఉద్యోగమునకు ఆసక్తి నిచ్చు లక్షణములు ఐదని పేర్కొనిరి. పనిలో వైవిధ్యము, పని మొదటినుండి చివరివరకు చేతిలో నుండుట, దాని ప్రాముఖ్యము, స్వాతంత్ర్యము, ఫలితము తెలియుట అనునవియే అవి. ఆసక్తి లోపలనుండి పుట్టినప్పుడే సృజనశక్తి వికసించునని మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు టెరెసా అమబిల్ వివరించినది. సృజన యనగా కవులకు, చిత్రకారులకు మాత్రమే చెందినది కాదు. క్రొత్తది, ఉపయోగపడునది అగు ఏ ఊహయైనను సృజనయే. వాల్వు త్రిప్పు వేళను మార్చి చివరి ఇంటికి నీరందించుటయు సృజనయే.

మన ఊరి నీటి గొట్టము

ఈ విషయమును మన గ్రామమునకు అన్వయించి చూతము. ఇది ఊహించి చెప్పు ఉదాహరణము. అయినను ఇట్టిది చూడని సభ్యుడుండడు.

ఒక గ్రామములో నాలుగు వీధులున్నవనుకొందము. ప్రతిదినము ఉదయము 6 గంటలనుండి 8 గంటల వరకు నీరు వదలవలెనని పంచాయతీ ఉత్తరువు. పంపు నడుపువాడు నాలుగు వాల్వులను ఒక్కసారిగా త్రిప్పును. ఉత్తరువు నెరవేరినది. కాని గొట్టము చివరనున్న వాడలో బిందె నిండుటకు అరగంట పట్టును. పెక్కు గ్రామములలో ఆ చివరి వాడ దళితవాడయో, కూలీల కాలనీయో అయియుండును. అచ్చటి స్త్రీలు నీటికొరకు నిలుచుండి కూలికి ఆలస్యమగుదురు. పంపు నడుపువానికి ఇది ప్రతిదినము కనబడుచునే యున్నది.

ఒకనాడు అతడు సర్పంచి వద్దకు వచ్చి, “అమ్మా, మొదటి గంట చివరి వాడకే విడిచి, రెండవ గంట తక్కిన మూడు వీధులకు విడిచి చూతునా?” అని అడిగెననుకొందము. రెండు విధములుగా జవాబు చెప్పవచ్చును. “చెప్పినది చేయుము, నీకెందుకీ గొడవ?” అనుట మొదటి విధము. అంతటితో ఆ మనిషి నోరు మూతపడును. మరుసటి సంవత్సరము గొట్టము పగిలినను అతడు చెప్పడు. “పదునైదు దినములు చేసి చూడుము. ఏ వీధికి ఎంతసేపు వచ్చినదో పుస్తకములో వ్రాయుము” అనుట రెండవ విధము.

రెండవ విధము అనుసరించిరనుకొందము. చివరి వాడకు నీరందినది. కాని పై వీధిలోని రైతుకూలీలు 7 గంటలకే పొలమునకు పోవుదురు గనుక వారికి నీరు చిక్కలేదు. మొదటి ఊహ సగమే ఫలించినది. దీనికి భయపడనక్కరలేదు. ఆ పుస్తకము చేతిలో పట్టుకొని రెండు వీధులవారితోను కూర్చుండి మాటలాడినచో, దినము విడిచి దినము వరుస మార్చుటయో, 5 గంటలకే మోటారు ప్రారంభించుటయో తోచవచ్చును. రెండవ ఊహ మొదటిదానికన్న మేలైనదగును. క్రొత్త ఆలోచన ఒకేసారి ఆకాశమునుండి పడదు. చేసి, చూచి, దిద్దుకొనుట వలన పుట్టును.

పారిశుద్ధ్య కార్మికురాలి విషయమును ఇట్టిదే. సంతనాడు ఏ వేళకు ఊడ్చినచో మరల చెత్త పేరుకొనదో, ఏ ఇంటివారు తడిచెత్తను, పొడిచెత్తను కలిపివేయుచున్నారో, ఏ కాలువ మొదటి వానకే పొంగునో ఆమెకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. ఆమె నడచు దారిని, వేళను ఆమెయే నిర్ణయించుకొననిచ్చినచో నష్టమేమి? బిల్లు కలెక్టరు పన్ను వసూలుకు పోవు దినములను పంట చేతికివచ్చు వేళకు అనుగుణముగా మార్చుకొనుటయు ఇట్టిదే.

మార్చరాని హద్దులు

స్వేచ్ఛకు హద్దులు గలవు. పొలమునకు గట్టువలె అవి ఉండితీరవలెను.

ప్రజల ప్రాణములకు, ధనమునకు, హక్కులకు సంబంధించిన నియమములను ఎవరును తమ ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. త్రాగునీటిలో క్లోరిన్ కలుపుట దీనికి ఉదాహరణము. ప్రజలకు నీరు చేరు చోట లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండవలెనని భారత ప్రమాణము చెప్పుచున్నది. “వాసన వచ్చుచున్నదని ఊరివారు సణుగుచున్నారు, కావున పొడి తగ్గించితిని” అని పంపు నడుపువాడు చెప్పినచో అది సృజన కాదు, ప్రమాదము. అయితే ఆ హద్దునకు లోబడి అతడు ఆలోచింపవచ్చును. పరీక్షను ట్యాంకు వద్ద మాత్రమే గాక గొట్టము చివరి కొళాయి వద్ద కూడ చేయుదునని అతడు ముందుకు వచ్చినచో, అది మెచ్చదగిన మార్పు. ప్రమాణము మారదు, దానిని చేరు దారి మారును.

అట్లే రసీదు లేక పన్ను తీసికొనుట, విద్యుత్తు ప్రవాహము ఆపక స్తంభమెక్కుట అను పనులకు ఏ వేళయందును అనుమతి లేదు. ప్రమాదకరమైన రీతిలో మురుగు కాలువలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి మనుషులను దింపుటను 2013నాటి చట్టము నిషేధించినది. “అతడే ఒప్పుకొని దిగినాడు” అను మాట యజమానిని ఈ బాధ్యతనుండి తప్పింపజాలదు.

స్వేచ్ఛ పేరిట భారము మోపరాదు

ఇచ్చట సభ్యులు తమ్ము తాము పరీక్షించుకొనవలసిన విషయమొకటి కలదు. పనివాడు తానై పనిని విస్తరించుకొనుట ఒకటి, యజమాని పనిమీద పని మోపి దానికి మంచి పేరు పెట్టుట మరొకటి. ఊడ్చువానినే వీధి దీపములు చూడుమనుట, అతనినే మోటారు నడుపుమనుట పనిని మలచుట కాదు. తెలంగాణలో ఒకే కార్మికుడు పలు పనులు చేయవలసిన బహుళ ప్రయోజన విధానము 2019 తరువాత వచ్చినప్పుడు, కార్మిక సంఘములు దానికి అభ్యంతరము తెలిపినవి. శిక్షణ లేని పనిని అప్పగించుట ప్రమాదమని వారి వాదన. ఆ వాదనలోని సారమును ప్రతి పంచాయతీయు ఆలోచింపదగును.

అహమ్మదాబాదు నేతగాండ్రు కూడ ఒకరి పని మరొకరు చేసిరి. అయితే ఎవరు ఏది చేయవలెనో వారే నిర్ణయించుకొనిరి. ఈ రెంటికిని గల భేదము ఇదియే. మార్పును కోరినది ఎవరు? దాని ఫలము ఎవరికి? కాదనుటకు పనివానికి వీలున్నదా? ఈ మూడు ప్రశ్నలు వేసికొన్నచో ఏది స్వేచ్ఛయో, ఏది భారమో తేలిపోవును. నెల జీతము సకాలమున అందనివానిని “క్రొత్తగా ఆలోచింపుము” అనుట పరిహాసమే యగును. చేతికి తొడుగులు, కాలికి బూట్లు, వేళకు జీతము, ఆ తరువాతనే ఆలోచన.

పనివారిలో పెక్కుమంది పేదవారు, అణగిన కులములవారు. పెద్దల యెదుట నోరు విప్పుట వారికి అలవాటు లేదు. వారి మౌనమును చూచి వారికి ఊహలు లేవనుకొనుట పొరపాటు. అడిగి, వినువారు లేకపోవుటయే ఆ మౌనమునకు కారణము.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గలవు. త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము అందులోనివే. ఇవి ఊరిలో ఎట్లు నడచునో చివరకు తేలునది పనివారి చేతులలోనే. కావున పంచాయతీలు ఈ క్రింది క్రమమును పాటించి చూడవచ్చును.

1. నెలకొకసారి పనివారందరిని సభ్యులతో సమానముగా కూర్చుండబెట్టి ఒక గంటసేపు వినవలెను. ఆ గంటలో తప్పులెన్నుట, మందలించుట పనికిరాదు.

2. ప్రతివారిని మూడు ప్రశ్నలు అడుగవలెను: నీ పనిలో వృథా యగుచున్నదేమి? ఎవరికి మేలు అందుటలేదు? నీకు వీలిచ్చినచో దేనిని మార్చెదవు?

3. వచ్చిన సూచనలలో చిన్నదానినొకదానిని ఎన్నుకొని, పదునైదు దినములో, నెలయో గడువు పెట్టి ప్రయత్నింపనీయవలెను. మార్పు వలన బాధపడువారు ఉందురేమో ముందుగానే విచారింపవలెను.

4. ఫలితమును తేలికయైన రీతిలో వ్రాసియుంచవలెను. ఏ వీధికి ఎంతసేపు నీరు వచ్చినది, ఎన్ని బండ్ల చెత్త లేచినది అను పాటి లెక్క చాలును.

5. ఫలించినచో పంచాయతీ తీర్మానములో ఆ పనివాని పేరు వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఊహ పనివానిది, పేరు సర్పంచిది అయినచో రెండవ ఊహ రాదు.

6. ఫలింపనిచో నిందింపరాదు. ఏమి తెలిసినదో అడిగి, పాతపద్ధతికి మరలవచ్చును.

7. కావలసిన పనిముట్టు, శిక్షణ, అదనపు శ్రమకు ప్రతిఫలము పంచాయతీ సమకూర్పవలెను.

జపానునందలి టొయోటా మోటారు సంస్థ తన కార్మికుల సూచనలను స్వీకరించు పద్ధతిని 1951లో ప్రారంభించినది. అంత పెద్ద సంస్థ కూడ చిన్న చిన్న సూచనలతోనే తన పనిని మెరుగుపరచుకొన్నది. మన పంచాయతీకి ఒక పుస్తకము, ఒక గంట కాలము, వినుటకు ఓపిక ఉన్న చాలును.

రేపు తెల్లవారుజామున మోటారు మీట నొక్కువానిని, తోపుడుబండి త్రోయు ఆమెను ప్రతి సభ్యుడును ఒకసారి పలుకరించి, ఈ పాఠము మొదట చెప్పిన రెండవ ప్రశ్నను అడుగవలెను. మొదటి దినము జవాబు రాకపోవచ్చును. రెండవ దినము నవ్వి ఊరకుండవచ్చును. మూడవ దినము నోరు విప్పి చెప్పు మాట, ఏళ్ల తరబడి ఎండిన ఒక కొళాయికి నీరు తెచ్చు మాట కావచ్చును.

సభ్యులు చర్చింపదగిన అంశములు

1. మన పంచాయతీ పనివారు గడచిన సంవత్సరములో ఇచ్చిన సూచనలేవి? వానిని మనమేమి చేసితిమి?

2. మన గ్రామములో నియమము ప్రకారము మార్చరాని పనులేవి? పనివారే మార్చుకొనదగినవి ఏవి?

3. మనము ఇటీవల పనివారికి అప్పగించిన అదనపు పనులలో వారు కోరినవి ఎన్ని, మనము మోపినవి ఎన్ని?

4. వచ్చు నెలలో ప్రయత్నింపదగిన చిన్న మార్పు ఒకటి ఏది? దానిని సూచించిన పనివారెవరు?